అనామతు ఖాతా

2010 డిసెంబరులో ఒక ఆదివారం, గుంటూరులో ఒక బడి గదిలో కూర్చుని పరీక్ష రాసి, 63 వృత్తాలను నింపకుండా వదిలేసి బయటికొచ్చాను. ఆ సంఖ్య మా ఇంటి నంబరులా నాకు ఇప్పటికీ గుర్తుంది.

రాసింది సీపీటీ. ఛార్టర్డ్ అకౌంటెన్సీ చదవాలనుకునే ఇంటర్ పిల్లలకు అప్పట్లో అదే మొదటి గుమ్మం. 200 ప్రశ్నలు, 200 మార్కులు. పొద్దున రెండు గంటల్లో అకౌంటింగ్ 60, మర్కంటైల్ లా 40. మధ్యాహ్నం రెండు గంటల్లో ఎకనామిక్స్ 50, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ 50. ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి. సరైనదాని వృత్తాన్ని హెచ్‌బీ పెన్సిలుతో నల్లగా నింపాలి. తప్పు నింపితే పావు మార్కు కోత. మొత్తం మీద 100 వస్తే గట్టెక్కినట్టు. లెక్క వేసి చూస్తే ఒక్కో ప్రశ్నకు 72 సెకన్లు.

ఇంటికొచ్చి, గుర్తున్నవన్నీ స్నేహితులతో సరిచూసుకుని వేసుకున్న లెక్క ఇది: సరైనవి 105, తప్పులు 32, వాటికి కోత 8, మిగిలింది 97. ఫలితాలు వచ్చినప్పుడు కూడా సరిగ్గా అదే అంకె. మూడు మార్కులు తక్కువ. "ఇంకో నాలుగు పెట్టేసి ఉంటే పోయేదిగా" అన్నారు ఇంటికొచ్చినవాళ్లంతా. ఏ నాలుగు పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఓడిపోయినందుకంటే, ఆ 63లో నాకు ఎంత తెలుసో ఎంత తెలియదో చెప్పుకోలేకపోయినందుకు ఎక్కువ ఏడ్చాను.

మాది తెలుగు మీడియం సీఈసీ. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరరు బోర్డు మీద చిట్టా, ఆవర్జా, అంకణా అని రాసి చెప్పేవారు. సాయంత్రం బ్రాడీపేట కోచింగులో అవే జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అయ్యేవి. పొద్దున నామమాత్రపు ఖాతా అని నేర్చుకున్నది సాయంత్రానికి నామినల్ అకౌంట్. పరీక్ష ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రాయాలి, తెలుగులో లేదు. అందుకని ప్రతి ప్రశ్ననూ నేను రెండుసార్లు చదివేదాన్ని, ఒకసారి కాగితం మీద, ఒకసారి లోపల తెలుగులో. 72 సెకన్లలో ఇరవై దానికే పోయేవి.

అది భారమని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. తరుగుదల అన్న మాటలో వస్తువు అరిగిపోవడం కళ్లకు కడుతుంది. డిప్రిసియేషన్ అన్నప్పుడు నాకు సూత్రం మాత్రమే గుర్తొచ్చేది, తరుగుదల అన్నప్పుడు మా వీధి చివర పిండిమర గుర్తొచ్చేది. మర పాతబడే కొద్దీ ఏటా పోయే విలువ తగ్గుతూ వస్తుందని, అందుకే తగ్గుతున్న నిల్వల పద్ధతి పుట్టిందని నాకు పిండిమరతోనే అర్థమైంది.

ఆ తరుగుదల ప్రశ్న ఒకదాన్ని ఇక్కడ పెడతాను. ఇలాంటివి సాధన పుస్తకాల్లో పదుల కొద్దీ ఉండేవి. లక్ష రూపాయల యంత్రం, తగ్గుతున్న నిల్వల మీద ఏటా 10 శాతం తరుగుదల, మూడేళ్ల తర్వాత పుస్తకపు విలువ ఎంత? జవాబులు నాలుగు: 70,000. 72,900. 81,000. 27,100.

సరైనది 72,900. లక్షలో పదో వంతు తీస్తే 90,000, అందులో పదో వంతు తీస్తే 81,000, అందులోనూ తీస్తే 72,900. మరి మిగతా మూడూ ఎక్కడివి? ఏటా సమానంగా పదివేలు తీసినవాడికి 70,000 వస్తుంది. వాడు రెండు పద్ధతులనూ కలిపేసుకున్నాడు. ఒక ఏడాది తక్కువ లెక్కపెట్టినవాడికి 81,000. లెక్కంతా సరిగ్గా చేసి, అడిగింది మిగిలిన విలువ అన్న సంగతి మరిచి, పోయిన తరుగుదల చెప్పినవాడికి 27,100. అంటే ప్రశ్న రాసిన మనిషి కుర్చీలో కూర్చుని ముందు తప్పులన్నీ తానే చేసి చూశాడు. ఏ పిల్ల ఎక్కడ జారుతుందో ఊహించి, జారిన ప్రతి చోటా ఒక జవాబు పరిచి ఉంచాడు.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి బహుళైచ్ఛిక ప్రశ్న అంటే నాకు గౌరవం. మంచి ప్రశ్నలో తప్పు జవాబు ఏదీ ఊరికే ఉండదు, దాని వెనుక ఒక ఆలోచన ఉంటుంది, దారి తప్పిన ఆలోచన. సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పగలగడం సగం చదువు. మిగతా మూడింటిలో ఒక్కొక్కటీ ఎవరి తప్పో చెప్పగలగడం మిగతా సగం. కోచింగుల్లో మాకు మొదటి సగమే నేర్పారు. రోజుకు రెండు వందల బిట్లు చేయించారు, చివర్లో కీ చదివి వినిపించారు. తప్పయినవి కొట్టేసుకుని ముందుకు పోయాం. కొట్టేసిన జవాబు దగ్గర ఆగి అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవాళ్లు లేరు.

లాలో ఇంకో రకం కష్టం. అక్కడ లెక్క లేదు, మాట ఉంది. వాయిడ్, వాయిడబుల్ అని రెండు జవాబులు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది అసలు చెల్లనే చెల్లదు. రెండోది మోసపోయిన పక్షం వద్దంటే చెల్లదు, సరేనంటే చెల్లుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చదువుతూ, మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచే చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పిందని నేర్చుకున్న రోజున నాకు పదిహేడేళ్లు. ఈ దేశంలో నా సంతకానికి ఇంకా విలువ లేదని, సంతకాల విలువ తేల్చే చదువుకోసం నేను సిద్ధమవుతున్నానని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను.

1932 భాగస్వామ్య చట్టంలో 13వ సెక్షన్ నాకు బాగా నచ్చింది. భాగస్వాములు లాభాలు ఎలా పంచుకోవాలో రాసుకోకపోతే సమానంగా పంచుకోవాలి. పెట్టుబడికి మించి ఒకరు అప్పుగా ఇచ్చిన సొమ్ముకు ఏటా 6 శాతం వడ్డీ ఇవ్వాలి. పని చేసినందుకు జీతం ఉండదు. రాసుకోని చోటును చట్టం గాలికి వదిలేయలేదు. అక్కడేం జరగాలో నెమ్మదిగా, న్యాయంగా చెప్పింది. నా ఖాళీ వృత్తాలకు అలాంటి సెక్షన్ లేదు.

పెన్సిలు గురించి ఒక్కమాట. ఇంత గంభీరమైన పరీక్షకు బలపం పట్టే వయసు వస్తువేమిటని అప్పుడు అనిపించేది. దాని కథ తర్వాత తెలిసింది. ఒకే జవాబుకు ఒక్కో టీచరు ఒక్కో రకంగా మార్కులు వేస్తున్నారని, దిద్దేవారి మనసు జవాబులో కలవకూడదని అమెరికాలోని కాన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ 1915 ప్రాంతంలో ఈ తరహా ప్రశ్నలను రూపొందించాడు. తర్వాత రేనాల్డ్ జాన్సన్ అనే సైన్సు టీచరు పెన్సిలు గీత మీదుగా కరెంటు పారుతుందని గమనించి దిద్దే యంత్రం కట్టాడు. ఐబీఎం 1938లో దాన్ని 805 అన్న పేరుతో తెచ్చింది. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ కరెంటును పారనిస్తుంది, కాగితం పారనివ్వదు. ఇప్పటి యంత్రాలు వెలుతురుతో చదువుతాయిగానీ పెన్సిలు అలాగే మిగిలింది. పక్షపాతం లేని దిద్దుబాటు కోసం ఒక టీచరు పడ్డ తపన అందులో ఉంది. తెలుగు మీడియం పిల్లనని, ప్రభుత్వ కాలేజీ పిల్లనని చూడకుండా దిద్దిన మొదటి పరీక్ష నాకు అదే. తప్పానుగానీ, ఆ యంత్రం మీద నాకు కోపం రాలేదు.

ఇక ఆ 63. ఎందుకు వదిలాను? పావు మార్కు భయంతో. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు జాగ్రత్త. దాన్ని మా తాతయ్య దగ్గర నేర్చుకున్నానని నమ్మేదాన్ని.

తాతయ్య మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో ముప్ఫై ఏళ్లకు పైగా గుమస్తా. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా పెట్టడం, ధర తేలడం, హమాలీ, కమీషన్ పోను చేతికివ్వాల్సింది లెక్కకట్టడం, అంతా ఆయన చేతి మీదుగా నడిచేది. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం ఉండే పెన్సిలు ఎప్పుడూ చెవి మీద ఉండేది. లెక్కలో తేడా వస్తే ముందు తొమ్మిదితో భాగించి చూసేవాడు. తెగితే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయన్నమాట, 54ను 45గానో 720ని 270గానో ఎక్కించి ఉంటారు. తెగకపోతే తేడాను సగం చేసి ఆ మొత్తం కోసం వెతికేవాడు. జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడితే తేడా రెట్టింపు అవుతుంది మరి. ఆయన ఏ కోచింగుకూ వెళ్లలేదు. తప్పుకు ఒక ఆకారం ఉంటుందని, ఆకారాన్ని బట్టి అది ఎక్కడ పుట్టిందో కనిపెట్టొచ్చని ఆయనకు తెలుసు. ఆ 70,000, 81,000, 27,100 రాసిన మనిషికి తెలిసిందీ అదే.

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం గల్లాపెట్టెలో నలభై రూపాయలు ఎక్కువ తేలాయి. యజమాని చూసి, ఎక్కువేగా, అమ్మకాల్లో కలిపెయ్ అన్నాడు. తాతయ్య కలపలేదు. పుస్తకంలో అనామతు అని రాసి, ఎదురుగా నలభై వేశాడు. ఎవరిదో ఏమిటో తేలని సొమ్మును తేలేదాకా పెట్టే చోటు అది. అనామతు ఖాతా. కాలేజీ పుస్తకంలోనూ అదే మాట, ఇంగ్లీషులో సస్పెన్స్ అకౌంట్. అమానతు అన్న ఉర్దూ మాటే మన నోట అలా తిరిగింది. నమ్మకం మీద దాచి ఉంచమని ఇచ్చిందని అర్థం. పదిరోజులకు ఒక రైతు వచ్చి, నాకు నలభై తక్కువిచ్చారు అన్నాడు. తాతయ్య ఆ పేజీ తీసి చూపించాడు.

తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదని ఆ రోజు నా మనసులో పడింది. పరీక్ష గదిలో 63సార్లు నేను చేసింది ఆ పనేననుకున్నాను. ఫలితాలొచ్చిన రోజు రాత్రి తాతయ్యకు అదే చెప్పాను. తెలియనివి పెట్టలేదు తాతయ్యా, వదిలేశాను.

"ఎన్ని?"

"అరవై మూడు."

"అరవై మూడూ ఒకే రకం తెలియనివా?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఆయన లేచి బీరువాలోంచి పాత పుస్తకం ఒకటి తెచ్చాడు. విత్తనాలకూ ఎరువులకూ వానల ముందు రైతులు కొట్టులో డబ్బు తీసుకుంటారు. మిర్చి యార్డుకు వచ్చాక అందులోంచి తీర్చుకుంటారు. ఆ బాకీల జాబితా అది. పేర్ల పక్కన చుక్కలున్నాయి. నీలం చుక్క ఉంటే బాకీ వస్తుంది. ఎర్ర చుక్క ఉంటే రాదు. కొన్నింటికి రెండు చుక్కలూ ఉన్నాయి, వాటి పక్కన చిన్న అంకెలు. రూపాయికి పావలా, అర్ధరూపాయి, ముప్పావలా.

"వచ్చేది ఆస్తి. రానిది నష్టం. వస్తుందో రాదో అన్నది ఉంటుంది చూడు, దాన్నలా వదిలేస్తే లెక్క రాసినట్టు కాదమ్మడూ. ఈయన పొలంలో బోరుంది, తెగులొచ్చినా సగమన్నా చేతికొస్తుంది. ఆయన మాట మంచిదేగానీ పొలం కౌలు. ఎంత తెలుసో అంత కట్టాలి. నువ్వు అరవై మూడింటినీ ఒకే గాటన కట్టావు."

పుస్తకంలో నేను చదివిన రాని, సంశయాత్మక బాకీల నిధి అదే. బాకీదారుల మీద 5 శాతం ఏర్పాటు చేయుము అని లెక్కల చివర సర్దుబాట్లలో వచ్చేది. వంద సార్లు చేశాను. ఆ 5 శాతం వెనుక ఒక మనిషి పొలానికి బోరుందా లేదా అని తెలుసుకున్న ఇంకో మనిషి ఉంటాడని ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు కూర్చుని ఆ 63నూ విడగొట్టాను. లెక్కల్లో 22. సీఈసీ పిల్లను, లాగరిథమ్సూ, డిఫరెన్షియేషనూ, పర్మ్యుటేషన్లూ నాకు నిజంగా తెలియవు. అవి అనామతే. మిగిలిన 41లో 24 ప్రశ్నలకు రెండేసి జవాబులు తప్పని నాకు పరీక్ష గదిలోనే తెలుసు. మిగతా రెండింటిలో ఏది అన్నచోట ఆగిపోయి, చేయి రాక వదిలేశాను. సగం తెలిసినదాన్ని ఏమీ తెలియనిదాని పక్కన పడేశాను. అది జాగ్రత్త అనుకున్నానుగానీ, నాకున్న ఆస్తిని తక్కువ చేసి చూపడమది. లెక్కల్లో అదీ తప్పే.

ఈ కోత సంగతి అంకెల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. నాలుగు జవాబుల్లో రెండు తప్పని కచ్చితంగా తెలిసిన ప్రశ్నలు 8 ఉన్నాయనుకోండి. మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే సగటున 4 సరైనవి, 4 తప్పులు. నాలుగు వచ్చి ఒకటి పోతుంది, 3 మిగులు. ఒక్కటే తప్పని తెలిసినవి 12 ఉంటే 4 సరైనవి, 8 తప్పులు. నాలుగు వచ్చి రెండు పోతాయి, 2 మిగులు. నా 24 ప్రశ్నలకు మొదటి లెక్క వేసుకుంటే 9 మార్కులు. 97కు 9 కలిపితే నేను గుమ్మం దాటేదాన్ని.

జూన్ 2011లో మళ్లీ రాశాను. ఆ ఆరు నెలల్లో కొత్తగా చదివింది లెక్కలే. ఇంటి పక్కన మేథ్స్ చదివిన అక్క దగ్గర ప్రతి రాత్రీ కూర్చున్నాను. మిగతా సబ్జెక్టుల్లో చేసింది ఒక్కటే. ప్రతి బిట్టు దగ్గరా జవాబు పెట్టే ముందు పక్కన ఒక గుర్తు వేసుకునేదాన్ని. తెలుసు అంటే నిండు చుక్క. రెండింటి మధ్య ఆగానంటే సగం నింపిన సున్నా. ఏమీ తెలియదంటే వట్టి గీత. కీ చూసుకున్నాక మార్కులు లెక్కపెట్టేదాన్ని కాదు, చుక్కలు లెక్కపెట్టేదాన్ని. నిండు చుక్క వేసిన చోట తప్పు పోయిందంటే ఆ రోజు నిద్ర పట్టేది కాదు. తెలియదనుకుని తప్పితే సహజం. తెలుసనుకుని తప్పితే, తెలుసు అని నేను అనుకునే తీరులోనే ఎక్కడో లోపముంది. మొదట్లో పది నిండు చుక్కల్లో రెండు మూడు తప్పులు ఉండేవి. మే నెలాఖరుకు అవి పదిహేనుకు ఒకటయ్యాయి. ఆ సారి 124 వచ్చాయి. ఆ అంకె కంటే, పరీక్ష రాసిన సాయంత్రమే ఎంత వస్తుందో దాదాపుగా చెప్పగలిగానని నాకు ఎక్కువ సంతోషం. తాతయ్య అడిగితే నూట ఇరవై దాటుతుందని చెప్పాను. ఆయన ఆ అంకెను తన చిట్టాలో నీలం పెన్సిలుతో రాసుకున్నాడు.

ఇప్పుడు నేను చేసేది ఆడిట్. ఈ పనిలో ఎవరూ నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనరు, వట్టి కాగితం ముందు పెడతారు. ఏది అడగాలో కూడా మనమే తెలుసుకోవాలి. సీపీటీ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. జవాబును చూసి గుర్తుపట్టడం నేర్పింది, లేనిచోట పుట్టించడం నేర్పలేదు. 2018లో సీపీటీ స్థానంలో ఫౌండేషన్ పరీక్షలు మొదలైనప్పుడు అకౌంటింగూ లా రాతపరీక్షలుగా మారాయి, లెక్కలూ ఎకనామిక్సూ మాత్రమే బిట్లుగా మిగిలాయి. అది మంచి పనేనని నా నమ్మకం. పద్దు రాయడం చేత్తో రాస్తేనే వస్తుంది.

అయినా, అన్నీ చూశాక ఆడిటరు చెప్పగలిగే అభిప్రాయాలూ నాలుగే. లెక్కలు సక్రమంగా ఉన్నాయనడం ఒకటి. ఫలానా విషయం మినహా సక్రమంగా ఉన్నాయనడం రెండోది, దాన్ని క్వాలిఫైడ్ అంటాం. సక్రమంగా లేవనడం అడ్వర్స్. తగిన సాక్ష్యం దొరకలేదు, దాని ప్రభావం లెక్కలంతటా పాకి ఉండవచ్చు, కాబట్టి అభిప్రాయం చెప్పలేమనడం నాలుగోది, డిస్‌క్లెయిమర్. నాకు తెలియదు అన్న మాటకు ఇక్కడ ఒక పేరుంది, రాసే పద్ధతుంది. ఎందుకు తెలియలేదో కారణం కూడా రాయాలి. ఊరికే ఖాళీ వదలడానికి లేదు.

ఒకసారి ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల నిల్వ చూడటానికి వెళ్లాను. బయట ఏప్రిల్ ఎండ, లోపల స్వెట్టరు వేసుకున్నా వణుకు. మూడు గదులు లెక్కపెట్టాం. నాలుగోదాని తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో లేడన్నారు. మర్నాడు వచ్చినా లేడన్నారు. పుస్తకంలో ఆ గది కింద రాసి ఉన్న నిల్వ చిన్నదేమీ కాదు. "మూడు గదులూ సరిపోయాయిగా మేడం, నాలుగోది కూడా ఉన్నట్టే వేసేసుకోండి" అని ఆ కంపెనీ అకౌంటెంటు మర్యాదగానే అడిగాడు. ఉండే ఉంటుందని నాకూ అనిపించింది. మూడు జవాబులు సరైనవైతే నాలుగోదీ సరైనదై ఉండొచ్చు. రిపోర్టులో మినహా అని రాశాను. ఆ గది పేరు రాశాను, చూడలేకపోయిన కారణం రాశాను. చూసిన మూడు గదులకు నిండు చుక్క, చూడని గదికి గీత. ఆ పని మరుసటి ఏడాది మాకు రాలేదు. ఇప్పుడు మళ్లీ రాయమన్నా అదే రాస్తాను.

మా అన్నయ్య కూతురు ఈ మధ్య ఫౌండేషన్‌కు చదివింది. మేథ్స్ పిల్ల, నాకంటే చురుకు. కోత గురించి నా చుక్కల పద్ధతి చెప్పబోతే ఆపేసింది.

"అత్తా, ఏమీ తెలియకపోయినా పెట్టేయడమే లాభం. లెక్క చూడు. పదహారు బిట్లు కళ్లు మూసుకుని పెడితే సగటున నాలుగు రైటు, పన్నెండు తప్పు. నాలుగు వస్తాయి, మూడు పోతాయి. ఒకటి మిగులు. కోత మూడో వంతు ఉంటేనే బరాబరు అవుద్ది. పావేగా ఉంది!"

లెక్క నూటికి నూరుపాళ్లూ నిజం. కాగితం తీసి సగటు వెనుక ఉన్నదాన్ని కూడా వేసి చూపించాను. పదహారు గుడ్డిగా పెడితే పదిసార్లలో నాలుగుసార్లు నష్టమే వస్తుంది. ఆమె చూసి, పదిసార్లలో ఆరుసార్లు రాదుగా అంది. అదీ నిజమే. అంకెల్లో ఆమెను గెలవలేను, గెలవాలనీ లేదు.

నా మనసులో ఉన్నది వేరే. గుడ్డిగా పెట్టింది కలిసొచ్చిందనుకో, మార్కుల కాగితం మీద అది తెలిసినదాని పక్కనే కూర్చుంటుంది. రెంటికీ తేడా యంత్రానికి అక్కర్లేదు, నీకు కావాలి. రెండు తప్పులు ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటే అంకణా రెండు వైపులా సమానంగానే వస్తుంది. అంకణా కుదిరింది కదా అని పద్దులన్నీ సరైనవనుకున్న గుమస్తాను తాతయ్య కొట్టులో ఉండనిచ్చేవాడు కాదు. పెడితే పెట్టు, కానీ పెట్టినప్పుడు ఇది నాకు తెలియదు అన్న సంగతి నీ దగ్గర రాసి ఉండాలి. అన్నీ విని, ఏమీ అనకుండా పుస్తకం తీసుకుని పైకి వెళ్లిపోయింది.

2025 జనవరిలో ఆమె పరీక్షలు సంక్రాంతిని మధ్యలో పెట్టుకుని వచ్చాయి. అకౌంటింగ్ 12న. పండగనాడు జరగాల్సిన లా పేపరు 16కు జరిపారు. భోగి మంట దగ్గర కూడా పిల్ల పెదవులు కదుపుతూ సెక్షన్లు వల్లెవేసుకుంది. వాళ్లమ్మ అరిసెలు చేతిలో పెడితే తిన్నది. ఎన్ని తిన్నదో ఆమెకు తెలియదు. 18న లెక్కలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. వంద బిట్లు.

నేనే బండి మీద తీసుకొద్దామని వెళ్లాను. గేటు దగ్గర పిల్లలంతా ఒకరినొకరు జవాబులు అడుగుతున్నారు. ఆమె నేరుగా వచ్చి వెనక కూర్చుంది.

"పదకొండు వదిలేశానత్తా."

"పెట్టేయడమే లాభమన్నావుగా?"

"పెడదామనే అనుకున్నా. టైముంది కూడా." కాసేపు ఆగింది. "అవేంటో చెప్పనా?"

చెప్పడం మొదలుపెట్టింది. రెండు ఇంటిగ్రేషన్. ఒకటి కుర్చీల చుట్టూ కూర్చునే లెక్క, అది ఎక్కడ మెలిక పడిందో కూడా చెప్పింది. ఒకటి రక్తసంబంధాలది. దాంట్లో అంకుల్ అని ఉందట, బాబాయో మామయ్యో తేల్చకుండా అడిగారట. ఆమె తెలుగు వరసలతో చెట్టు గీసుకుంటే ఇద్దరికీ కుదిరిందట. సూచీ సంఖ్యల్లో ఒకటి సూత్రం గుర్తుందిగానీ, కింద ఏ ఏడాది వేయాలో అనుమానమట, అది సగం సున్నాయే కానీ వదిలేసినందుకు బాధగా ఉందంది. మిగతా ఎనభై తొమ్మిదిలో నిండు చుక్కలు డెబ్బై అంది. చుక్కలు అన్న మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

శంకర్‌విలాస్ బ్రిడ్జి మీద శనివారం సాయంత్రపు రద్దీ. హారన్ల మధ్య సగం వినపడటం లేదు. బ్రిడ్జి దిగేసరికి ఆమె తొమ్మిదో ప్రశ్న దగ్గరుంది. బండి పక్కకు తీసి ఆపాను. మిగతా రెండూ విన్నాకే ఇంటికి బయల్దేరాం.